రైట్ అంటే కుడి కాదు

ఇప్పుడే ఇంటికొచ్చాం. కాఫీ గ్లాసు పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

సాయంత్రం నేనూ మా ఆయనా గవర్నర్‌పేటలో బస్సెక్కాం. కాలువ పక్క రోడ్డును పైపుల కోసం సగానికి తవ్వి వదిలేశారు. పూడ్చే ఖర్చు మున్సిపాలిటీదా, హైవేస్ వాళ్ళదా అన్నది వానలు వచ్చి వెళ్ళినా తేలలేదు. కాలువ వైపు మిగిలిన ఆ సగం రోడ్డులో మాకు లారీ ఎదురొచ్చింది. దాన్ని వెనక్కి పంపడానికి కండక్టర్ దిగి వెళ్ళాడు.

కిటికీ పక్కన కూర్చున్న మా ఆయన కిందికి చూశారు. ముందు చక్రం కింద నుంచి మట్టి పెళ్ళలు విరిగి కాలువలో పడుతున్నాయి. ఆయన గొంతు చించుకుని "రైట్! రైట్!" అని అరిచారు.

దారి దొరికిందనుకుని డ్రైవర్ బస్సును ముందుకు పోనిచ్చాడు.

బస్సు ఒరిగింది. నిలబడ్డ జనమంతా మా మీద పడ్డారు. కిటికీ ఊచల్లోంచి నాకు నీళ్ళు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఇంతలో కండక్టర్ "హోల్డాన్! హోల్డాన్!" అని కేకలేస్తూ పరిగెత్తుకొచ్చి బస్సు రేకు మీద దబదబా బాదాడు. బస్సు ఆగింది.

ఊపిరి బిగబట్టి ఒక్కొక్కరమే దిగాం.

"రైట్ అన్నదెవరండీ?" అన్నాడు కండక్టర్.

"కుడికి తిప్పమన్నానయ్యా!" అన్నారు మా ఆయన.

"కుడికెక్కడికి తిప్పుతాడండీ? అటంతా గొయ్యే కదా!"

రేపు పొద్దున ఆయన ఆఫీసుకు మళ్ళీ అదే బస్సులో వెళ్ళాలి. ఆ దారిన తిరిగేవాళ్ళు కాస్త చెప్పండి, అక్కడ ఏమని అరవాలి?