పెళ్ళికి రెండు బస్సులతో వచ్చిన మేడమ్

మా హెడ్ మేడమ్ పోయారన్న కబురు నాకు ‘డిన్నర్ కమిటీ’ అనే వాట్సాప్ గ్రూపులో తెలిసింది. మా డిపార్ట్‌మెంటుకు వేరే గ్రూపులు చాలా ఉన్నాయి. కానీ తల్లి ఫోను తెరవగానే మేడమ్ వాళ్ళ అమ్మాయికి పైన కనిపించింది అదే కాబట్టి అందులోనే పెట్టింది. అమ్మ ఈ పొద్దున ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది అని. దానికి సరిగ్గా పైన మేడమ్ పంపిన చివరి మెసేజ్ ఉంది. ఆస్పత్రి మంచం మీది నుంచి పంపింది. ‘సూప్ వద్దు. నిలవడి సూప్ తాగేటోడు ఎవ్వనితోటి మాట్లాడడు.’ ఆ రెండూ ఒకదాని కింద ఒకటి చూసి నాకు ముందు నవ్వొచ్చింది. ఏడుపు ఆ తర్వాత, మెట్లు దిగుతుంటే వచ్చింది.

ఆవిడది పుప్పాలగూడ. ఇప్పుడు అపార్ట్‌మెంట్ల మధ్య ఎక్కడుందో వెతుక్కోవాల్సిన ఆ పాత ఊళ్ళో, చర్చి పక్క ఇంట్లో పుట్టారు. హైటెక్ సిటీ దగ్గర మా సంస్థలో యంత్రాలకు మనుషుల భాష నేర్పే శాఖకు చాలా ఏళ్ళు హెడ్‌గా ఉన్నారు. మా రంగంలో అప్పుడప్పుడూ పెద్ద సదస్సులు జరుగుతాయి. దేశవిదేశాల నుంచి వస్తారు. పరిశోధన పేపర్లు ఎంపిక చేసే కమిటీలోకి రావడానికి అందరూ పోటీ పడేవాళ్ళు. సాయంత్రం విందుల కమిటీ అనగానే మాత్రం ఫోన్లలోకి తల దూర్చేవాళ్ళు. మేడమ్ ఒక్కరే అడిగి మరీ ఆ పని తీసుకునేవారు. ఇంత చదువుకుని ఈ వంటల గొడవ మీకెందుకండీ అని మొదట్లో నేనే అడిగాను.

“పేపర్లు ఇంట్ల కూసొని గూడ చదువుకోవచ్చు బిడ్డా. మనిషి మొకం చూడనీకే గద గింత దూరం వచ్చేది” అన్నారు.

నాది గుంటూరు వైపు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే చెమటలు పట్టేవి. మొదటి విందులో ఒక స్తంభం చాటున నిలబడి, రాని మెసేజీలు చూసుకుంటున్నాను. మేడమ్ వచ్చి, ఛార్జింగ్ తక్కువున్నట్టుంది, నా దగ్గర పెడతానంటూ ఫోను లాక్కుని హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు. నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్ళి ఒక ఒడియా ఆవిడ ముందు నిలబెట్టి, ఈ అమ్మాయి పొద్దున్నుంచీ మీ పని గురించే అడుగుతోందని చెప్పారు. శుద్ధ అబద్ధం. నాకు ఆవిడ పేరు కూడా తెలియదు. ఆవిడకీ నా గురించి అలాంటి అబద్ధమే చెప్పారని మాకు తర్వాత తెలిసింది. ఆవిడా నేనూ ఈ రోజుకీ కలిసి పని చేస్తున్నాం.

ఈ అబద్ధాలు ఒక్కోసారి బెడిసికొట్టేవి. ఒకసారి ఒక మూల ముభావంగా నిలబడ్డ ఒకాయనకు, ఇంకో మూలన నిలబడ్డ ఒకావిడను పరిచయం చేసి, మీరిద్దరూ తప్పకుండా మాట్లాడుకోవాలన్నారు. వాళ్ళిద్దరూ భార్యాభర్తలు. ఇంటిపేర్లు వేరు, పనిచేసే ఊళ్ళు వేరు. వాళ్ళు మర్యాదగా కరచాలనం చేసుకుని మాట్లాడుకోవడానికి వెళ్ళిపోయారు. ఈ మధ్యకాలంలో మేము అంతసేపు మాట్లాడుకున్నది అప్పుడేనని వెళ్ళేటప్పుడు ఆవిడ మేడమ్‌కు చెప్పిందట.

ఉపన్యాసాలంటే మేడమ్‌కు గిట్టేది కాదు. అప్పటి మా డైరెక్టరు గారు మైకు పట్టుకుంటే సంస్థ పునాదిరాయి దగ్గర మొదలుపెట్టేవారు. ఆయన భవన నిర్మాణం దాకా రాగానే మేడమ్ వంటవాళ్ళకు సైగ చేసేవారు. బిర్యానీ గిన్నెల మూతలన్నీ ఒకేసారి లేచేవి. ఆ వాసనకు జనం మెడలు ఒక్కటొక్కటిగా తిరిగేవి. డైరెక్టరు గారు కూడా మనిషే కదా, రెండు వాక్యాల్లో వర్తమానంలోకి వచ్చేసేవారు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి.

ఒక ఏడాది పెద్ద సదస్సు మా దగ్గరే జరిగింది. ముగింపుకు ముందు రోజు సాయంత్రం నార్సింగి అవతల ఒక హోటల్లో విందు పెట్టాం. ప్రతినిధులను రెండు బస్సుల్లో ఎక్కించాం. బయల్దేరగానే వాన మొదలైంది. ఐటీ ఆఫీసులన్నీ వదిలే వేళ. పుప్పాలగూడ దాకా పాకాం, అక్కడ పూర్తిగా ఆగిపోయాం. ముందు రోడ్డు మీద నీళ్ళు నిలిచాయి, కార్లు ఇంజన్లు ఆపేసుకున్నాయి. అద్దంలోంచి ఎటు చూసినా ఎర్ర లైట్లే.

మొదట అందరూ ఫోటోలు తీసుకున్నారు. తర్వాత ఆకలి మొదలైంది. ముందు సీట్లో ఒక జర్మన్ ప్రొఫెసర్ ఉన్నారు, పెద్దాయన. షుగర్ ఉంది. హోటలు దగ్గరే కదా అని ఇన్సులిన్ సూది వేసుకుని బస్సెక్కారట. చూస్తుండగా ఆయన నుదురంతా చెమట పట్టింది, చేతులు వణకసాగాయి. ఎవరి సంచిలోనో దొరికిన చాక్లెట్లు పెట్టాం. కాస్త తేరుకున్నారు కానీ ఆయన కడుపులో భోజనం పడాలి. మేడమ్ ఆయన చేయి పట్టుకునే కిటికీలోంచి బయటికి చూశారు. సందు చివర చర్చి ఆవరణలో సీరియల్ లైట్లు, షామియానా కనిపిస్తున్నాయి.

ఆ షామియానా కింద జరుగుతున్నది మేడమ్ పెదనాన్న కొడుకు కూతురి పెళ్ళి రిసెప్షన్. సదస్సు విందు ఉంది, రాలేను తమ్ముడూ అని ఆవిడ ముందే చెప్పేశారు. ఆ తమ్ముడు అలిగి వారం నుంచి ఫోను ఎత్తడం మానేశాడు.

“దిగుండ్రి అందరు” అన్నారు మేడమ్. తర్వాత అదే మాట ఇంగ్లీషులో అన్నారు.

గొడుగులు సరిపోలేదు. కొందరు సదస్సులో ఇచ్చిన సంచులు నెత్తిన పెట్టుకున్నారు. మెడల్లో బ్యాడ్జీలతో, తడిసిన బూట్లతో రెండు బస్సుల జనం సందులోంచి నడిచి చర్చి గేటులోకి ప్రవేశించాం. పెళ్ళికూతురి తండ్రి పట్టు పంచెలో ఎదురొచ్చి అలాగే నిలబడిపోయాడు.

“అక్కా, నువ్వు రానంటివి గద” అన్నాడు.

“వచ్చిన గద తమ్మీ. జర ఎక్కువ మందిమి వచ్చినం” అన్నారు మేడమ్.

ముందు జర్మన్ ప్రొఫెసర్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన ముందు అన్నం, మటన్ కూర పెట్టించారు. ఆయన తినడం మొదలుపెట్టాక తమ్ముడు అక్కను పక్కకు పిలిచాడు. నేను అక్కడే ఉన్నాను. పెళ్ళికొడుకు వాళ్ళది విజయవాడ. వాళ్ళింకా భోజనాలకు లేవలేదు. వంట చేయించింది వాళ్ళకూ, పెళ్ళికూతురి వైపు వాళ్ళకూ లెక్కవేసే.

“వాల్లకు తక్కువైతే నా ఇజ్జత్ పోతదక్కా. పిల్ల జిందగీ అంత ఈ మాట పడాలె” అన్నాడు. 

అప్పటిదాకా నవ్వుతూ ఉన్న మేడమ్ ముఖం మారిపోయింది. ఒక్క మెతుకు తక్కువ కానివ్వనని తమ్ముడి భుజం మీద చేయి వేసి చెప్పి, హోటలు మేనేజరుకు ఫోను చేశారు. అక్కడ మా విందంతా వండి సిద్ధంగా ఉంది. బయటికి పంపడం మా పద్ధతి కాదని ఆయన అన్నాడు. తినేవాళ్ళు ఇక్కడ, తిండి అక్కడ ఉండటం ఎవరి పద్ధతి అని ఆవిడ అడిగారు. పైగా అటు నుంచి ఇటు వచ్చే రోడ్డు ఖాళీగానే ఉందని కూడా చెప్పారు. కాసేపటికి ఆయన వ్యాను పంపడానికి ఒప్పుకున్నాడు.

వ్యాను వచ్చేదాకా ఆకలితో ఉన్న ఇంతమందిని భోజనాల వైపు పోకుండా ఆపడం ఎలా? మేడమ్ నా చేతికి మైకు ఇచ్చారు. మా దేశంలో వధూవరులకు ఒక్కొక్కరూ తమ తమ భాషలో ఆశీర్వాదం చెప్పడం గొప్ప మర్యాద అని ప్రతినిధులకు చెప్పమన్నారు. అలాంటి ఆచారం ఏదీ లేదని నేను గొణిగాను. ఈ రోజు నుంచి ఉంటుందన్నారు.

వాళ్ళు స్టేజీ ముందు వరుస కట్టారు. జపనీస్‌లో ఒకరు వంగి వంగి చెప్పారు. ఒక బ్రెజిల్ కుర్రాడు పాడాడు. ఫిన్లండ్ ఆవిడ చెబుతూ చెబుతూ ఏడ్చేసింది, పెళ్ళికూతురు లేచి ఆవిడ కళ్ళు తుడిచింది. ఆ మధ్యాహ్నం తన పేపరును పొడిపొడిగా చదివి అందరినీ నిద్రపుచ్చిన ఒక ప్రొఫెసర్ ఇక్కడ మైకు వదల్లేదు. కింద నుంచి ఆయన సెషన్‌కు అధ్యక్షత వహించినాయన అలవాటు కొద్దీ టైమైపోయిందని చేతి గడియారం చూపించాడు. మేడమ్ ఆ చేతిని కిందికి దించి, చెప్పనివ్వండి, ఎంతసేపైనా చెప్పనివ్వండి అన్నారు. ఫోటోగ్రాఫరు ఉత్సాహంగా అటూ ఇటూ పరుగెడుతున్నాడు. విజయవాడ వాళ్ళు కుర్చీలు ముందుకు జరుపుకుని, ఇది ఏ దేశం, అది ఏ భాష అని ఒకరినొకరు అడుగుతున్నారు. భోజనం సంగతి వాళ్ళకు గుర్తే లేదు.

చివరికి గేటు ముందు వ్యాను ఆగింది. తెల్ల టోపీలు పెట్టుకున్న వంటవాళ్ళు పెద్ద పెద్ద పాత్రలు దించసాగారు. పెళ్ళికొడుకు పెదనాన్న వచ్చి పెళ్ళికూతురి తండ్రి చేతులు పట్టుకున్నాడు.

“ఇంత ఏర్పాటు చేశారు, ముందు ఒక్క మాటైనా చెప్పలేదేంటండీ బావగారూ” అన్నాడు.

తమ్ముడు అక్క వైపు చూశాడు. “అంత మా అక్కనే చూసుకున్నదండి” అన్నాడు. 

ఆ రాత్రి మా వాళ్ళు మటన్ కూర తిన్నారు, పెళ్ళివారు పాస్తా తిన్నారు. ఎవరికీ తక్కువ కాలేదు. మర్నాడు డైరెక్టరు గారు వివరణ అడిగారు. రోడ్డు మీద నీళ్ళు, బస్సులో ఆకలి, మధ్యలో మా తమ్ముడు ఉన్నాడని మేడమ్ చెప్పారు. 

ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్తూ ఆటోలో ఆవిడ నాకొక మాట చెప్పారు. చదువుకునే రోజుల్లో, మొదటిసారి ఢిల్లీలో ఒక సదస్సుకు వెళ్ళారట. విందులో ఒక్కరూ పలకరించలేదు. గోడ పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. “చేతులు ఊకె పెట్టుకోలేక గులాబ్‌జామున్లు తిన్న. తింటనే ఉన్న. రూంకు వొయ్యి ఏడ్చిన. కడుపునొప్పికి ఏడ్చిన్నో, దేనికి ఏడ్చిన్నో నాకే తెల్వదు” అని పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్ళాక గానీ ఆ మాట నన్ను పట్టుకోలేదు.

ఆవిడ చివరి రోజులు గచ్చిబౌలి వైపు ఒక ఆస్పత్రిలో గడిచాయి. ఊపిరితిత్తుల జబ్బు. మాట్లాడితే ఆయాసం వచ్చేది, అయినా మానలేదు. మందులు ఇవ్వడానికి వచ్చే నర్సమ్మది కడప అనీ, ఫిజియోథెరపీ చేసే అబ్బాయిది ప్రొద్దుటూరు అనీ కనుక్కుని, ఒకే జిల్లావాళ్ళయి ఉండి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదని తెలిసి కలవరపడ్డారు. డాక్టరు మాట్లాడొద్దన్నారండీ అని నేను కసిరితే, తాను మాట్లాడటం లేదనీ, మాట్లాడిస్తున్నాననీ అన్నారు.

భూస్థాపన అయిన మర్నాడు, ఆస్పత్రిలో మిగిలిపోయిన ఆవిడ శాలువా, కళ్ళజోడు తెమ్మని వాళ్ళ అమ్మాయి నన్ను పంపింది. ఆ గదిలో అప్పటికే వేరే పేషెంటు ఉన్నారు. నర్సు ఇచ్చిన సంచి తీసుకుని కారిడార్లోకి వచ్చాను. అక్కడ బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒకావిడది ప్రగతి నగర్, మేడమ్ ఉన్న గదికి ఎడమ పక్క గదిలో ఆవిడ భర్త ఉన్నాడు. ఇంకొకావిడది మహబూబ్‌నగర్ దగ్గర ఊరు, కుడి పక్క గదిలో ఆవిడ కొడుకు. వాళ్ళిద్దరినీ ఒకరికొకరికి పరిచయం చేసింది మా మేడమేనని వాళ్ళే చెప్పారు. మధ్యలో ఒక టిఫిను డబ్బా తెరిచి ఉంది. ఒకావిడ జొన్నరొట్టె తుంచి రెండో ఆవిడ చేతిలో పెడుతోంది. నన్ను చూసి ఇద్దరూ కాస్త జరిగారు, మధ్యలో చోటు చేశారు.