పాండు ఇంటి శనివారం

రుద్రారం దగ్గర మా ఊరి బడి ఏడో తరగతి వరకే. ఏడో తరగతి దాకా ఏ ఒక్క ఏడూ నేను రెండో స్థానానికి దిగలేదు. ఆ చదువుతోనే పటేల్‌గూడ పక్కనున్న పెద్ద ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరి, క్రేన్ ఆపరేటరుగా రిటైరయ్యాను. నా చేతి మీదుగా లేచిన ఇనుము గోడకు తగల్లేదు, మనిషికి తగల్లేదు. చివరి రోజున మేనేజరు తన చేత్తో ఇచ్చిన గోడగడియారం ఇప్పటికీ మా ఇంట్లో సరైన టైము చూపిస్తుంది. మా గల్లీకి మంజీర నీళ్లు తెప్పించింది కూడా ఈ యాదన్నే. కావాలంటే గల్లీలో ఎవరినైనా అడగండి.

ఇదంతా గొప్ప కోసమే చెబుతున్నాను. చేసినవాడు చెప్పుకుంటే తప్పేముంది? అయితే వీటన్నిటికంటే పెద్ద పని నేను రిటైరైన తర్వాత చేశాను. మా శనివారం భజన పాటలన్నిటినీ ఇంట్లో నెట్‌వర్క్ డ్రైవులోకి ఎక్కించాను. ఆ పనిలో పాండును దాదాపు పోగొట్టి, మళ్లీ పట్టుకున్నాను.

పాండు ఎవరో ముందు చెప్పాలి. క్రేన్ మీద నేను ఎంత ఎత్తున కూర్చున్నా, కింద నిలబడి సైగ చేసే మనిషి లేకపోతే గుడ్డివాడితో సమానం. ఆ కింది మనిషి పాండు. షెడ్డులో మోతకు మాట వినపడదు. అందుకని పని ఉన్నంతసేపూ నాకు పాండు చెయ్యే తప్ప గొంతు తెలియదు. లోడు నేల మీద కుదురుగా కూర్చుందని వాడు కుడి చెయ్యి పైకెత్తి మెల్లగా కిందికి ఊపేవాడు. అప్పుడుగాని నేను కొక్కెం వదిలేవాణ్ణి కాదు. ఇంకెవరు చెప్పినా వినేవాణ్ణి కాదు.

వాడి గొంతు నాకు శనివారాల్లోనే వినపడేది. మా భజన వారానికొకరి ఇంట్లో జరిగేది. ఒక్కటే కట్టుబాటు. ఎవరింట్లో భజన అయితే ఆ ఇంటి పెద్ద ఆ రోజు పాడకూడదు. వాకిట్లో నిలబడి వచ్చినవాళ్లను పిలవాలి, నీళ్లివ్వాలి, గుగ్గిళ్లు పెట్టాలి. పాటంతా వచ్చినవాళ్లదే. మా డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసిన రాజారావుగారు గోదావరి వైపు మనిషి. మొదటిసారి తన ఇంట్లో భజన పెట్టుకుని తనే హార్మోనియం ముందు కూర్చోబోతే పాండు చెయ్యి పట్టుకుని లేపాడు.

"సారూ, ఇయ్యాల మీరు దొర కాదు, జీతగాడు. చెంబు పట్టుండ్రి."

"అదేం న్యాయమయ్యా, హార్మోనియం నాది, ఇల్లు నాది!"

"గందుకే సారూ. రెండూ మీవే. పాటన్న మాకియ్యుండ్రి."

ఆ రాజారావుగారే తర్వాత టేపురికార్డరు తెచ్చారు. దాన్ని పట్టే బాధ్యత నాది. మొదటి మనిషి గడప దాటకముందే బటన్ నొక్కి, మంగళహారతి అయ్యాక ఆపేవాణ్ణి. క్యాసెట్లు పోయి సెల్‌ఫోన్లు వచ్చినా నా పద్ధతి మారలేదు. క్యాసెట్లన్నీ పటాన్‌చెరులో ఇచ్చి కంప్యూటరులోకి మార్పించాను. ఏ ఇంట్లో పాడింది ఆ ఇంటి పేరుతో పెట్టాను. పాడినవాడి పేరుతో పెట్టలేదు, ఎందుకంటే భజనలో పాట ఎవడి సొంతమూ కాదు.

ఈ మధ్య ఆ కంప్యూటరు పోతపోసిన ఇనుములా వేడెక్కడం మొదలుపెట్టింది. మా కోడలు రేఖ మందుల కంపెనీలో ల్యాబులో పనిచేస్తుంది. తనే ఒక నల్లటి డబ్బా తెచ్చి వైఫై పక్కన పెట్టింది.

"మామా, గిది నెట్‌వర్క్ డ్రైవు. పాటలన్ని దీంట్లకి ఎక్కిస్తే టీవీల ఇనొచ్చు, ఫోన్ల ఇనొచ్చు. అమీన్‌పూర్ల ఉన్నోళ్లు ఆడ్నుంచే ఇనొచ్చు."

ఎలా ఎక్కించాలో రేఖ ఒకసారి చూపించింది. రెండోసారి అడగలేదు నేను. అంతటితో ఆగానా? పాత రికార్డింగుల్లో పాటకంటే గోలే ఎక్కువ. దగ్గులు, గిన్నెల చప్పుడు, పిల్లల ఏడుపు, "జరుగు జరుగు" అనే కేకలు. రికార్డింగు కోసే ప్రోగ్రాం కూడా నేర్చుకుని, గోలంతా తీసేసి, పాటలను కడిగిన ముత్యాల్లా చేసి డ్రైవులో పెట్టాను. ఇంటికొక ఫోల్డరు, తెరుచుకోవడానికి ఇంటికొక పాస్‌వర్డు. రాజారావుగారు ఫోను చేసి, "స్టూడియోలో కూడా ఇంత శుభ్రంగా రాదండీ యాదన్నగారూ" అన్నారు. నా ఛాతీ ఎంత పొంగిందో మా ఇంటావిడ ఎంకమ్మను అడగాలి.

డబ్బాలో రెండో డిస్కుకు కూడా చోటుంది. పాత కంప్యూటరులోని డిస్కు తీసి, అందులో ఉన్నదంతా తుడిచేసి, అక్కడ బిగిద్దామని రేఖ అంది.

"ఆగు బిడ్డా. కింద మనిషి ఇంక చెయ్యి ఊపలే."

"ఈడ కింద మనిషి ఎవరు మామా?"

"ఎవరింటి పాటలు వాళ్లు ఇని, మంచిగున్నయని చెప్పాలె. అందరు చెప్పినంక తుడువు."

ఒక్కొక్కరే చెప్పారు. మిగిలింది పుష్ప. పాండు కూతురు. పాండు పోయి రెండేళ్లయింది. రోడ్డు వెడల్పులో వాళ్ల పాత ఇల్లు కూడా పోయింది. పుష్ప అమీన్‌పూర్‌లో ఫ్లాటు కొనుక్కుంది. గృహప్రవేశానికి పిలవడానికి ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చి కుంకుమ పెట్టి కూర్చుంది.

"పెద్దబాపూ, గురువారం పాలు పొంగిస్తున్నం. గప్పుడు మా బాపు గొంతు ఇంట్ల ఇనపడాలె. మా పాతింట్లది. నాకింకేం వద్దు."

"గదెంత పని? దా," అని డ్రైవు తెరిచి, 'పాండు ఇల్లు' ఫోల్డరు టీవీలో పెట్టాను.

నా పాట వచ్చింది. రాజారావుగారి పాట వచ్చింది. ఎంకమ్మ పాట వచ్చింది. పుష్ప ఒక్కొక్కటీ వింటూ ముందుకు జరిపింది. చివరిదాకా వెళ్లి రిమోట్ కింద పెట్టింది.

"మా బాపు లేడు."

"మీ ఇంట్ల మీ బాపు యాడ పాడుతడు బిడ్డా? ఇంటి పెద్ద గదా," అన్నాను. "ఆగు, రాజారావు సారు ఇంట్ల పాడింది పెడత. గంట కొట్టినట్టు ఉంటది."

పెట్టాను. పాండు గొంతు ఇల్లంతా నిండింది. పుష్ప తల అడ్డంగా ఊపింది.

"గిది సారు ఇంటికి పోయిన బాపు. మా ఇంట్ల బాపు కాదు. పాడకపోతే పాడకపాయె, మాట్లాడలేదా పెద్దబాపూ? రాండ్రి రాండ్రి అని గల్లీ సివరిదాక ఇనపడేటట్టు ఒర్రెటోడు గదా. గది యాడ పోయింది?"

నేను జవాబు చెప్పేలోపే వంటింట్లోంచి ఎంకమ్మ అందుకుంది.

"యాడుంటది? మీ పెద్దబాపు మనుషులను కోసిపారేసి పాటలు మిగిల్చిండు."

నా తప్పు నాకు అప్పుడు పూర్తిగా కనపడింది. ఇంటి పెద్ద పాడకూడదన్న కట్టుబాటు మాది. ఇక నేను మాటలన్నీ తీసేశాక, ఏ ఇంటి ఫోల్డరులోనూ ఆ ఇంటి పెద్ద మిగల్లేదు. పాండు ఇంట్లో పాండు లేడు. నా ఇంట్లో నేను లేను. పుష్ప కళ్లు తుడుచుకుంటోంది. నేను లేచి నిలబడ్డాను.

"ఏడువకు. కొక్కెం ఇంక వదలలే. పాత డిస్కు తుడువలే, కోయనియన్ని దాంట్లనే ఉన్నయి."

"యాడుంది?"

కంప్యూటరు ఉండాల్సిన బల్ల మీద బియ్యం డబ్బా ఉంది.

"ఏమే! కంప్యూటరు?"

"గట్ల సూస్తవేంది? అమ్ముకోలే. వేడికి బియ్యం పాడైతున్నయని సజ్జ మీద పెట్టించిన."

స్టూలు వేసుకుని నేనే దించాను. ఈ వయసులో ఎవరూ పట్టుకోకుండా దించాను, రాసుకోండి. వైర్లు పెట్టి స్విచ్ వేస్తే ఫ్యాను మోగింది, తెర వెలగలేదు. ఆపి మళ్లీ వేశాను. వెలిగింది. కానీ లోపల డిస్కు టిక్ టిక్ అంటోంది. మోటారు చప్పుడు వినే చెవులు నావి. బేరింగు పోయే ముందు క్రేన్ కూడా ఇలాగే చప్పుడు చేసేది. ఈ డిస్కుకు ఎక్కువ సమయం లేదు.

పుష్ప మౌసు అందుకోబోయింది. "ఒక్కసారి ఇనిసూస్త పెద్దబాపూ."

"వద్దు. ఇప్పుడు ఇనుడు లేదు. ముందు పాణమున్నప్పుడే దించుకుందాం."

కోయని 'పాండు ఇల్లు' మొత్తాన్ని పట్టి డ్రైవులోకి కాపీ పెట్టాను. తెర మీద ఆకుపచ్చ గీత కదిలింది. సగం దాకా వచ్చి నిలబడింది. రేఖ కూడా వచ్చి మా వెనక నిలబడింది. డిస్కు టిక్కుమంది, మళ్లీ టిక్కుమంది. పుష్ప నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఆగిపోయిందా మామా?" అంది రేఖ.

"ముట్టకుండ్రి. బరువు గాలిల ఉన్నప్పుడు ఎవ్వరు ముట్టొద్దు."

గీత మళ్లీ కదిలింది. మెల్లగా, కదిలీ కదలనట్టు, చివరిదాకా వెళ్లింది. అప్పుడు డ్రైవులోంచి, పాతదాంట్లోంచి కాదు, టీవీలో పెట్టాను.

ముందు తలుపు గడియ చప్పుడు. కుక్క మొరిగింది. ఆ వెనక పాండు.

"రాండ్రి, రాండ్రి! లోపలికి రాండ్రి. చెప్పులు ఆడ్నే ఇడువుండ్రి, ఎవలెత్తుకపోరు, ఎత్తుకపోతే నావి ఏసుకొని పోండ్రి! సారూ, గాలికి కూసోండ్రి. యాదన్నా, గా డబ్బ పక్కకు పెట్టి ముందు నీళ్లు తాగు. ఎప్పుడు సూడు డబ్బనే! పుష్పా, మీ పెద్దబాపుకు చెంబియ్యి బిడ్డా."

ఎంకమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పుష్ప టీవీ వైపు చూస్తూనే కుడి చెయ్యి పైకెత్తి, మెల్లగా కిందికి ఊపింది. వాళ్ల నాన్న దగ్గర చూసి నేర్చుకుందో, దానంతటదే వచ్చిందో నేను అడగలేదు.

ఆ రోజంతా కూర్చుని మిగతా ఇళ్లన్నీ కోయకుండా డ్రైవులోకి దించేశాను. ఒక్క ఇల్లూ జారనివ్వలేదు. పాత డిస్కు ఆ తర్వాత మళ్లీ లేవలేదు. తన పని అది చేసింది, నా పని నేను చేశాను.

గురువారం అమీన్‌పూర్‌లో, లిఫ్టు దిగి మేం వాకిట్లోకి వచ్చేసరికి పుష్ప ఫోనులో డ్రైవు తెరిచి స్పీకరు పెట్టింది. పొయ్యి మీద పాలు పైకి వస్తున్నాయి. "రాండ్రి, లోపలికి రాండ్రి" అని పాండు పిలిచాడు. "వస్తున్నామయ్యా" అని గడప బయటినుంచే రాజారావుగారు జవాబిచ్చారు. ఇచ్చాక గాని ఆయనకు తెలిసిరాలేదు. చెప్పులన్నీ అక్కడే విడిచాం.

పాలు పొంగాయి. నేను ఫోను తీసి రికార్డు నొక్కాను. తాళాలు బయటికి వచ్చాయి, హార్మోనియం వచ్చింది. పుష్ప గొంతు వాళ్ల నాన్న గొంతేనని మా అందరికీ తెలుసు. అందుకని రాజారావుగారు అడిగారు.

"మొదటి పాట నువ్వే అందుకోవాలమ్మా. మీ నాన్న పాట."

పుష్ప చెంబు పట్టుకుని నిలబడి నవ్వింది.

"గదెట్ల సారూ? ఇల్లు నాదాయె. పాట మీరు పాడుండ్రి. పెద్దబాపూ, గా ఫోను పక్కకు పెట్టి ముందు నీళ్లు తాగు."

ఫోను ఆపకుండానే పక్కన పెట్టి, నీళ్లు తాగాను. ఆ మాటలు కూడా 'పుష్ప ఇల్లు' అనే ఫోల్డరులో ఉన్నాయి. ఒక్క ముక్క కూడా కోయలేదు.