పోయినవాళ్ల తుపాకులు

బరంపురంలో ప్రద్యుమ్నది తుపాకుల దుకాణం. కొనేవాళ్లు కరువై చాలాకాలమైంది. లైసెన్సున్న మనిషి పోతే అతని తుపాకీని ఇంట్లో ఉంచకూడదు, పోలీస్ స్టేషన్లోనో ఇలాంటి దుకాణంలోనో అప్పజెప్పాలి. ఇప్పుడతని గోడ నిండా పోయినవాళ్ల తుపాకులే. ఎవరూ అడగని వాటికి రోజూ నూనె రాస్తూ కూర్చుంటాడు.

వచ్చేది ఒక్క హేమసుందరమ్మే. అడవిపందుల్ని తోలడానికి పోయిన మొగుడు కొంటే, తను అమ్మకానికి ఇక్కడ ఉంచిన జోడుగొట్టాల తుపాకీని చూసుకోవడానికి నెలనెలా రంభ నుంచి బస్సెక్కి వస్తుంది.

"ఓపాలి ముట్టుకోనీ బాబూ."

"లైసెన్సు లేకండా సేతికివ్వకూడదమ్మా" అంటూ తనే పట్టుకుని చూపిస్తాడు. ఆవిడ తన మొగుడి కబుర్లు చెప్పి, టీ తాగి వెళ్తుంది.

నిన్న ఛత్రపురం నుంచి ఒకాయన లైసెన్సుతో సహా వచ్చి ఆ తుపాకీనే బేరమాడాడు. కొత్తదానిలా మెరుస్తున్న దాన్ని పాడైపోయిందని చెప్పి ప్రద్యుమ్న అతన్ని పంపేశాడు.

ఇవాళ ఆవిడ వచ్చింది.

"కొనీవోలెవులైనా వచ్చినారా బాబూ?"

"ఎవులూ రాలేదమ్మా." ఆవిడ కళ్లలోకి చూడలేకపోయాడు.

"పోనీలే. అది అమ్ముడైపోతే నానింకెక్కడికెల్తాను?"