ఎండకు అప్పజెప్పిన ఎర్ర రుమాలు మనిషి

ఆ రోజుల్లో నాకు రాని పని లోకంలో లేదని నా గట్టి నమ్మకం. బహ్రెయిన్ వచ్చిన కొత్తలో మీనా సల్మాన్ గోదాముల్లో సామాన్ మోసి మోసి నడుం పడిపోయాక, సల్మాబాద్‌లో ఒక వడ్రంగి షాపులో పాలిష్ పని దొరికింది. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానిని అక్కడ కఫీల్ అంటారు. మేస్త్రి మా జగిత్యాల వైపు మనిషే, అందరం కాక అని పిలిచేవాళ్లం. "పని ఖరాబ్ చేసినవో, మళ్ల మూటలు మోసుడే" అని మొదటిరోజే చెప్పాడు. ఖరాబు చేయడమా? నేనా?

ఒక రోజు బుసైతీన్‌లో ఉండే బెల్జియం మేడమ్ రెండు చెక్కలు అతికించిన పలక మీద వేసిన బొమ్మ ఒకటి తెచ్చింది. కొన్ని వందల ఏళ్ల కిందట వాళ్ల దేశంలో బతికిన గొప్ప చిత్రకారుడి బొమ్మను చూసి, నెలల తరబడి కూర్చుని తనే వేసిందట. తలకు ఎర్ర రుమాలు చుట్టుకున్న మనిషి. కళ్ల పక్క ముడతలు, మాసిన గడ్డం, అన్నీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. (అచ్చం మా పెదనాయనే. నోట్లో బీడీ ఒక్కటే తక్కువ.) చిత్రకారుడు అద్దంలో తన ముఖాన్నే చూసి వేసుకున్నాడని కొందరంటారట. వార్నిష్ వేసి, ఫ్రేము కట్టి సాయంత్రానికి ఇమ్మంది. ఊరికి వెళ్తూ తండ్రికి కానుకగా తీసుకెళ్లాలట.

వార్నిష్ వేశాను. నీడలో ఆరబెట్టమని చెప్పి కాక చాయ్‌కి వెళ్లాడు. మా అమ్మ వడియాలు, చింతపండు, సల్లమిరపకాయలు అన్నీ ఎండకే అప్పజెప్పేది, ఎండ ఏనాడూ మాట తప్పలేదు. పైగా ఇది బహ్రెయిన్ ఎండ! బొమ్మను రేకుల కప్పు మీద పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోతూ అన్నం తిని వచ్చాను. అప్పటికే చెక్కల అతుకు విడిపోయి, రుమాలు నుంచి గడ్డం దాకా పెదనాయన నిలువునా చీలి ఉన్నాడు.

"ఖలాస్!" కాక నెత్తి పట్టుకున్నాడు. "ఎండల ఎవడు పెట్టుమన్నడురా?"

"జల్ది ఆరుతదని పెట్టిన కాకా."

సాయంత్రం కాకముందే, అప్పుడే మేడమ్ కారు దిగింది. బొమ్మను చూడగానే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మూటలు నా కళ్ల ముందు కదిలాయి. ఎండలో పెట్టానని చెప్పగానే మాత్రం, కళ్లలో నీళ్లు అలా ఉండగానే ఫక్కున నవ్వేసింది. ఆ చిత్రకారుడు కూడా ఓసారి వార్నిష్ వేసిన బొమ్మను ఎండలో పెడితే ఇలాగే విచ్చిపోయిందని పాత కథ ఒకటుందని వచ్చీరాని హిందీలో చెప్పింది. ఆ కసితోనే నీడలో ఆరే నూనె కోసం వెతికి వెతికి, నూనె రంగుల్లో అంతటివాడయ్యాడట.

నాకు ప్రాణం లేచొచ్చింది. "సూసినవా కాకా, అంత పెద్దాయన గూడ ఎండలనే పెట్టిండట!"

"ఆయనకు కఫీల్ లేకుండె బిడ్డా. నీకున్నడు."

మేడమ్ కఫీల్‌కు చెప్పలేదు. కాక అతుకును జిగురుతో బిగించి ఫ్రేము కట్టాడు. ముఖం మీద సన్నటి గీత మిగిలిపోయింది. తన తండ్రికి ఈ కథ కూడా కలిపి ఇస్తానని మేడమ్ పట్టుకెళ్లింది. నా పని నిలబడింది.

ఇప్పుడు నేనూ మేస్త్రినే. పల్చగా పూత వేసి, నీడలో పెట్టి, ఎవరు యల్లా యల్లా అని తొందరపెట్టినా ఆరేదాకా పక్కనే కూర్చుంటాను. పనికి మంచి పేరొచ్చింది. అయినా, సూర్యుణ్ణి తన కింద పనికి పెట్టుకున్నాననుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వూ వస్తుంది, కాస్త దిగులూ వేస్తుంది. అంత నమ్మకంతో ఇప్పుడు ఒక్క పని కూడా మొదలుపెట్టలేను.