మోచేతి లోతున జయమంగళి

మా సోషల్ సారు పోయారు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో గూళ్లు దించుతుండగా వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఒట్టి దుఃఖమే అయితే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి ఏళ్ల తరబడి గొంతులోనే పెట్టుకున్నాను. ఇప్పుడది మీతో చెప్పుకోవాల్సి వస్తోంది.

సారు పెనుకొండ నుంచి బస్సులో మా ఊరి బడికి వచ్చేవారు. నదుల పాఠం అందరూ గంగతోనో గోదావరితోనో మొదలుపెడితే ఆయన జయమంగళితో మొదలుపెట్టేవారు. మా చేల పక్కన పారి, పరిగి దగ్గర పెన్నలో కలిసే ఏరు అది. పారి అన్నానా? మేం చూసిందంతా ఇసుకే. సారు మమ్మల్ని ఆ ఇసుకలోకే నడిపించుకుపోయేవారు. తుమకూరు దగ్గర దేవరాయనదుర్గం కొండల్లో పుడుతుందనీ, జయ, మంగళి అని రెండు వాగులు కలిసి ఒకటయ్యాయనీ, కొరటగెరె, మధుగిరి దాటి మన దగ్గరికి వస్తుందనీ పుల్లతో గీసి చూపేవారు. మధ్యలో రాష్ట్రాల సరిహద్దు గీయమంటే మాత్రం గీసేవారు కాదు. "ఆ గీత ఏటికి తెలీదప్పా" అనేవారు.

తర్వాత చెలమ తీయించేవారు. ఒక్కొక్కరం చేత్తో ఇసుక తోడాలి. మోచేయి మునిగేలోపు తడి తగిలితే ఏరు బతికున్నట్టు. తగలని ఏడు ఆయన ముఖం చూడలేకపోయేవాళ్లం. తగిలిందా, ఇక ఆయన్ని పట్టలేం. "ఈ తడి మీ మల్బరీ ఆకులోకి పోతాది. ఆ ఆకు పురుగు తింటాది. పట్టు ధర్మవరం పోతాది. ధర్మవరం చీర కట్టినోళ్లంతా మన ఏటిని కట్టుకున్నట్టే" అనేవారు. పరీక్షలో ఇదే రాసి నేను సున్నా తెచ్చుకున్నాను. ఆ పేపరు దిద్దింది వేరే సారు.

రిటైరయ్యాక ఆయనకు ఏరే ఉద్యోగమైంది. ఒకప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో ముసలివాళ్లను అడిగి, అక్కడల్లా ఒక రాయి పాతి సున్నం పూసేవారు. అలాంటి రాయి ఒకటి మా చేని చివర పాతారు. రాయికి అవతల, ఏటి వైపు, నేల చక్కగా చదునుగా ఉండేది. పట్టుపురుగుల షెడ్డు అక్కడే వేద్దామనుకున్నాను.

"ఈడొద్దప్పా. ఇది ఏటి జాగా" అన్నారు సారు.

"ఏరు యాడుండాది సార్? అది సచ్చి ఇరవై ఏండ్లాయె. పాఠం చెప్పి చెప్పి మీ కండ్లకే అది కనపడతాండాది" అన్నాను, నలుగురూ వింటుండగా.

ఆయన నవ్వారు. "ఊరికి పోయినోళ్లను సచ్చినారంటామా?"

అంతటితో ఆగానా? ఆ రాయి పెరికి షెడ్డు వాకిట్లో మెట్టుగా వేసుకున్నాను. పాలు పొంగించి తొలి పురుగుల్ని పెట్టిన రోజు సారును పిలిస్తే వచ్చారు. రాయి అంచున సున్నం ఇంకా పూర్తిగా పోలేదు. ఒక్క క్షణం చూశారు. పంచె పైకెత్తుకుని, దాని మీద కాలు పెట్టకుండా దాటి లోపలికొచ్చారు. పాయసం తాగి, పురుగులు ఆకు తినే చప్పుడు కాసేపు విని వెళ్లిపోయారు.

కొన్నేళ్లకు మధుగిరి వైపు వానలు దంచికొట్టాయి. మా ఊళ్లో చినుకు లేదు గానీ ఏరు మాత్రం వచ్చింది. షెడ్డు, తట్టలు, పురుగులు, ఆ మెట్టు రాయి అన్నీ కొట్టుకుపోయాయి. సారు నడిచొచ్చి గట్టు మీద నా పక్కన నిలబడ్డారు. ఏరొచ్చిన సంతోషం, నన్ను చూసిన బాధ ఆయన ముఖంలో ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. తప్పు నాదే సార్ అందామని నోరు తెరిచాను. "పిల్లోళ్లు బాగుండారు కదప్పా?" అని అడిగారాయన. అంతే, నా నోరు మూతపడింది. ఆ తర్వాత ఎన్నిసార్లు కలిసినా ఆ మాట బయటికి రాలేదు.

సారు పోయిన మూడో రోజు వాళ్లబ్బాయి, సారు తమ్ముడు అస్థికల ముంత పట్టుకుని మా చేనికొచ్చారు. ఏట్లో మళ్లీ ఇసుకే.

"జయమంగళిలోనే కలపమని నాయన రాసిపెట్టినాడన్నా. చిన్నాయనేమో కావేరికి పోదామంటాండాడు" అన్నాడు అబ్బాయి.

"పారే నీళ్లల్లో గదా కలపాల్సింది. ఇసకలో పూడ్చేదేందప్పా?" అన్నాడు సారు తమ్ముడు, కళ్లు తుడుచుకుంటూ.

ఇద్దరూ నా వైపు చూశారు. "ఏరు ఊరికి పోయుండాది. వస్తాది. వచ్చినప్పుడు తీసకపోతాది" అన్నాను. ఆ మాట అనడానికి నాకేం హక్కుందో తెలియదు. ఒకప్పుడు నా షెడ్డు వాకిలి ఉన్నచోటే ఇసుక తోడాను. అబ్బాయి ముంత అందులో పెట్టాడు.

అప్పటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఇసుక ట్రాక్టర్లు వస్తున్నాయి. ఆ చోట ఎత్తారంటే సారు గోరంట్లలోనో హిందూపురంలోనో ఎవరి గోడలోనో ఉండిపోతారు. పొద్దున్నే పురుగులకు ఆకు వేసి ఏట్లోకి పరుగెత్తుతున్నాను. మధుగిరిలో ఉన్న బావమరిదికి రోజూ ఫోను. "మా అక్క ఎట్లుండాదంటే చెప్పవు. వాన పడిందా, వాన పడిందా అంటావేంది బావా?" అని విసుక్కుంటున్నాడు.

నిన్న ఒక ట్రాక్టరు ఆ చోటుకు బాగా దగ్గరగా వచ్చింది. అడ్డం నిలబడ్డాను.

"ఈడొద్దప్పా. ఇది ఏటి జాగా."

"ఏరు యాడుండాదన్నా?" అని నవ్వాడు డ్రైవరు.

నాకు చెంప చెళ్లుమన్నట్టయింది. మోకాళ్ల మీద కూర్చుని ఇసుక తోడాను. మణికట్టు మునిగింది. అంతా పొడి. ముంజేయి సగం పోయింది. పొడే. మోచేయి మునగబోతుండగా వేళ్లకు చల్లగా తగిలింది. పిడికెడు తడి ఇసుక తీసి అతని చేతిలో పెట్టాను. దాన్ని కాసేపు నలిపి చూసి, ట్రాక్టరు వెనక్కి తిప్పుకున్నాడు. రేపు ఇంకొకడు వస్తాడు.

అందుకే ఇవాళ పొద్దున అక్కడ కొత్త రాయి పాతి సున్నం పూశాను. "తప్పు నాదే సార్" అని పైకే అన్నాను. ఆ సున్నం ఆరేలోపు మూడుసార్లు లేచి మధుగిరి వైపు మబ్బు పట్టిందేమోనని చూశాను.