మొదటి పేజీలో రాసిన లోపాలు

మొన్న రాజమండ్రిలో ఒక జిరాక్స్ షాపు ముందు నిలబడ్డాను. మిషన్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితాల కట్టను షాపతను నా చేతిలో పెట్టాడు. అరచేతికి ఆ వేడి, ముక్కుకు ఆ వాసన తగలగానే వరలక్ష్మి మేడమ్ గుర్తొచ్చారు. ఏ కాగితమైనా తలా ఒక కాపీ తీయించి పంచకుండా ఆవిడ సమావేశం మొదలుపెట్టేవారు కాదు. ఆవిడ పోయి రెండేళ్లవుతోంది. ఆవిడ గురించి చెప్పాలంటే ముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి.

కోనసీమలో, గోదావరి పాయ ఒడ్డునున్న చిన్న డిగ్రీ కాలేజీలో నేను కామర్స్ లెక్చరర్‌ని. కాలేజీ గుర్తింపు, అంటే అక్రిడిటేషన్, గడువు దగ్గరపడినప్పుడు, కాలేజీ తరఫున పంపాల్సిన నివేదిక రాసే పని ప్రిన్సిపాల్ గారు నాకు అప్పగించారు. తలుపేసుకుని మూడు వారాల్లో రాసేశాను. వేరే కాలేజీల నివేదికలు ముందు పెట్టుకుని, వాళ్లకున్నవన్నీ మాకూ ఉన్నాయని రాశాను. విద్యార్థినుల ఫిర్యాదులు వినే కమిటీ నెలనెలా కూర్చుంటుందని కూడా రాశాను. అలాంటి కమిటీయే లేదు. పరిశీలనకు వచ్చిన బృందంలో ఒకాయన వరండాలో ఎదురైన అమ్మాయిని ఆపి, ఆ కమిటీలో ఎవరెవరున్నారని అడిగారు. "అలాంటిది ఒకటుందాండీ?" అంది ఆ అమ్మాయి. నేను పక్కనే ఉన్నాను.

గుర్తింపు రాలేదు. ఏడాదిలోగా సరిచేసుకుని మళ్లీ దరఖాస్తు చేసుకోమన్నారు. ఈసారి కూడా రాకపోతే కాలేజీ మూసేయక తప్పదని యాజమాన్యం మాకు చెప్పేసింది. అప్పుడు సలహాదారుగా పిలిపించిన మనిషి వరలక్ష్మి మేడమ్. రాజమండ్రిలో వృక్షశాస్త్రం చెప్పి, వైస్ ప్రిన్సిపాల్‌గా రిటైరయ్యారు. వారానికి మూడు రోజులు బస్సులో వచ్చేవారు. మొదటి రోజు నా నివేదిక తీసుకుని రెండు గంటలసేపు చదివారు. చివాట్లు పడతాయనుకున్నాను. కళ్లజోడు తీసి, "ఇంగ్లీషు బాగా రాశారండి. ఇందులో మీ కాలేజీ ఎక్కడుందో మాత్రం నాకు కనబడలేదు" అన్నారు. అంతే.

ఆ మరుసటి వారం సెమినార్ హాల్లో అందర్నీ కూర్చోబెట్టారు. లెక్చరర్లు, ఆఫీసు వాళ్లు, అటెండర్లు, క్లాసుకి ఇద్దరు విద్యార్థులు, పదిమంది దాకా తల్లిదండ్రులు. కెమిస్ట్రీ హెడ్ మూర్తిగారికి ఇది నచ్చలేదు.

"పిల్లల ముందు, వాళ్ల అమ్మానాన్నల ముందు మన లోపాలు మనమే చెప్పుకోవడమేంటి మేడమ్?"

"పోయినసారి వాళ్లు లేకుండానే రాశారుగా మూర్తిగారూ, ఏమైంది?" అన్నారావిడ.

పాత నివేదిక కాపీ తలా ఒకటి పంచి, ఒక్కో వాక్యం తెలుగులో చదవమని నాకు చెప్పారు. అది నిజమని తెలిసినవాళ్లు చెయ్యెత్తాలి. లైబ్రరీ పుస్తకాల దగ్గర చేతులు బాగానే లేచాయి. ఆటస్థలం దగ్గర సగమే లేచాయి. ఫిర్యాదుల కమిటీ వాక్యం చదివాక ఒక్క చెయ్యీ లేవలేదు. ఎవరు రాశారని మేడమ్ అడగలేదు. అయినా చదువుతున్న కాగితం దించేశాను. "ఇది నేను కల్పించి రాశానండి," అన్నాను. ఆవిడ తలూపి, "తర్వాతది చదవండి," అన్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ నోరు విప్పారు. పై అంతస్తులో అమ్మాయిల బాత్రూముకి నీళ్లెక్కడం లేదని అటెండర్ చెప్పాడు. ల్యాబులో సగం పరికరాలు పనిచేయడం లేదని చివరికి మూర్తిగారే ఒప్పుకున్నారు.

మాకున్న పెద్ద లోపం మొదటి పీరియడ్‌లో తక్కువ హాజరు. అది పిల్లల బద్ధకమని మేమంతా ఏళ్లుగా అనుకుంటున్నాం. దుర్గ అనే అమ్మాయి తల్లి మంగ, అవతలి ఒడ్డున చేపలమ్ముకునే మనిషి, వెనక బెంచీలోంచి లేచింది.

"మా పిల్లకి బద్ధకం కాదండి. ఏరు దాటించే తొలి పంటు నిండా మా చేపల తట్టలే ఉంటాయండి. పిల్లలకి రెండోదాంట్లోనే చోటు. అది ఈ ఒడ్డుకొచ్చేసరికి తొమ్మిదిన్నరవుద్దండి."

మా మొదటి క్లాసు తొమ్మిదింటికి. దుర్గకి రోజూ ఆబ్సెంట్ వేసింది మూర్తిగారే. టైమ్‌టేబుల్ మార్చడానికి పదిహేను రోజులు పట్టింది. సాయంత్రం బస్సులు దొరకవని కొందరు గొడవపడ్డారు. భోజనం విరామం తగ్గించి, తొమ్మిదీ ముప్పావుకి మొదలుపెట్టాం. ఆ లెక్క కుదిర్చి పెట్టింది కూడా మూర్తిగారే. మిగతా పనులన్నీ పెద్ద చార్టు మీద రాసి వరండాలో అంటించాం. ప్రతి పనికీ ఒక లెక్చరర్, ఒక ఆఫీసు మనిషి, ఒక విద్యార్థి. కొత్తగా వేసిన ఫిర్యాదుల కమిటీలో దుర్గ చేరింది.

కొత్త నివేదిక మొదటి పేజీలోనే మా దగ్గర లేనివన్నీ రాయాలని మేడమ్ పట్టుబట్టారు. ప్రిన్సిపాల్ గారు భయపడ్డారు. "చూస్తూ చూస్తూ మనమే రాసిస్తామా అండీ?" "వాళ్లు వెతికి పట్టుకునేదాకా ఆగడమెందుకండి?" అన్నారావిడ. బృందం వచ్చే రోజున మాత్రం, జవాబులు మీరే చెప్పుకోవాలంటూ మేడమ్ ఇంట్లోనే ఉండిపోయారు. ఆ బృందం మళ్లీ కమిటీ గురించే అడిగింది, ఈసారి దుర్గని. "ఉందండి. మూడుసార్లు కూర్చున్నాం. బాత్రూముకి నీళ్లొచ్చాయి. బస్టాండు దగ్గర ఏడిపించేవాళ్ల సంగతి మాత్రం ఇంకా తేలలేదండి," అంది. అడిగినాయన ఆ మాట రాసుకున్నారు.

గుర్తింపు వచ్చింది. ఫోన్ చేసి చెప్పాను.

"పెద్ద గ్రేడేం కాదు మేడమ్."

"అది నిజంగా మీదేనా?"

"మాదేనండి."

"అయితే చాలండి," అని పెట్టేశారు.

నేను కల్పించి రాసిన వాక్యం మాట ఆవిడ ఆ తర్వాత ఒక్కసారి కూడా ఎత్తలేదు. అలా ఎత్తకపోవడం వల్లే అది నాకు ఇప్పటికీ గుర్తుందేమో. ఇప్పుడు నివేదికలు రాసే పని మళ్లీ నాదే. ఏ వాక్యం రాసినా, అది ఎవరి పని గురించో వాళ్ల దగ్గరికి తీసుకెళ్లి చదివి వినిపిస్తాను. పోయిన నెల, లైబ్రరీ సాయంత్రం ఆరింటిదాకా తెరిచి ఉంటుందని రాసి లైబ్రేరియన్ గారికి వినిపించాను. "ఆరింటి బస్సు తీసేశారుగా సార్, ఐదింటికే మూసేస్తున్నానండి," అన్నారావిడ. అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుని, ఆరు కొట్టేసి ఐదు అని రాశాను.