ఆరో పేజీలో పసుపు చీటీ

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, సుబేదారిలో నేను పనిచేసే ప్రెస్సుకు ఒక గణితం థీసిస్ వచ్చింది. అప్పటికి నేను కంపోజింగ్ సెక్షన్ ఇన్‌చార్జిని. సీసపు అక్షరాలు పేర్చడంతో మొదలుపెట్టి కంప్యూటర్ దాకా వచ్చినవాణ్ణి. థీసిస్ రాసిన రజితది వర్ధన్నపేట దగ్గరి రైతు కుటుంబం. పనంతా లేటెక్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో కావాలంది. అందులో పేజీని కంటితో చూస్తూ సర్దడం ఉండదు. ఏది శీర్షికో, ఏది సమీకరణమో ఆదేశాలు రాసిస్తే పేజీ అదే కట్టుకుంటుంది.

నాకది రాదు. వచ్చు కదా అని యజమాని అడిగితే తలూపాను. ఇన్నేళ్ల సర్వీసు తర్వాత రాదనడానికి నోరు పెగల్లేదు. రజిత మాత్రం కనిపెట్టినట్టుంది, ముప్పై పేజీల చిన్న రిఫరెన్స్ పుస్తకం జిరాక్స్ తీయించి ఇచ్చింది. ఆరో పేజీలో పసుపు చీటీ అంటించి, అది తప్పక చూడమంది. మూడు రోజుల్లో భిన్నాలు, వర్గమూలాలు, మాత్రికలు పట్టేశాను. నాలుగో రోజు నుంచి పుస్తకం తెరవలేదు. ఏనుగెక్కినంత సంబరంతో ప్రెస్సంతా చెప్పుకున్నాను.

ఆరో పేజీలో ఉన్నది ఇది. సమీకరణాలకు నంబర్లు లేటెకే వేస్తుంది. వాక్యంలో ఫలానా సమీకరణం ప్రకారం అని రాయాలంటే నంబరు చేత్తో కొట్టకూడదు. సమీకరణానికి ఒక పేరు పెట్టి, ఆ పేరుతో పిలవాలి. అప్పుడు నంబరు మారితే వాక్యంలోనూ మారుతుంది. నేను పాత అలవాటు కొద్దీ ప్రతి నంబరూ చేత్తోనే కొట్టాను.

బైండింగుకు ముందు రోజు రజిత ప్రొఫెసర్ మూడో అధ్యాయం మొదట్లో ఒక సమీకరణం చేర్పించారు. ఆ ఒక్క పేజీ ప్రూఫ్ చూసి పంపేశాను. దాని తర్వాతి సమీకరణాల నంబర్లన్నీ ఒకటి ముందుకు జరిగాయి. నేను వాక్యాల్లో కొట్టినవి ఎక్కడివక్కడే ఉన్నాయి. చెప్పిన సమీకరణం ఒకటి, చూస్తే ఉన్నది మరొకటి అని రాసి పరీక్షకుడు థీసిస్ వెనక్కి పంపారు.

నంబర్లు ఎట్లా పెట్టారని రజిత వచ్చి అడిగింది.

"నువ్విచ్చిన కాపీల ఎట్లుంటె అట్లనే కొట్టిన బిడ్డా" అన్నాను.

మాట అబద్ధం కాదు. తప్పును ఆమె మీదికి నెట్టిన మాట. ఆమె నమ్మి, ప్రొఫెసర్ దగ్గర పొరపాటు తనదేనని ఒప్పుకుంది. దిద్ది మళ్లీ ఇచ్చేలోగా ఆమె ఆశపెట్టుకున్న లెక్చరర్ పోస్టుకు గడువు దాటిపోయింది.

దిద్దుబాటు నేనే చేశాను. ఆరో పేజీ చదవడానికి పది నిమిషాలు పట్టింది. కాపీలు తీసుకోవడానికి వచ్చిన రోజు రజిత కంప్యూటర్‌లో ఫైలు చూసింది. సమీకరణాలకు కొత్తగా పెట్టిన పేర్లు చూసి, అవి మొదటే ఉంటే నంబర్లు తప్పేవి కావని, నేను ఆరో పేజీ చూడలేదని గ్రహించింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు. పుస్తకం తిరిగి ఇవ్వబోయాను.

"మీ తాననే ఉంచుకోండ్రి సార్. ఇంకొకళ్ల పనికైన అక్కరకొస్తది" అంది.

తప్పు నాదని అప్పుడైనా అనాల్సింది. కాపీలు కట్టగట్టి చేతికిచ్చి పంపాను.

ఆ తర్వాత నా సెక్షన్‌లో కొత్త పని ఏది వచ్చినా, దాని పుస్తకం చివరి పేజీ దాకా చదివాకే ఎవరినైనా కీబోర్డు ముట్టుకోనిచ్చాను. ఈ నియమం ఎందుకని అడిగినవాళ్లకు మాత్రం నిజం చెప్పలేదు.